బరువు తగ్గించే శస్త్రచికిత్స: సన్నద్ధత, పద్ధతి ఎంపిక

స్థూలకాయం ఆరోగ్యానికి ముప్పుగా మారి, ఆహార నియమాలు, వ్యాయామం, మందులతో తగినంత ఫలితం రానప్పుడు చేసే ఆపరేషన్లను బరువు తగ్గించే శస్త్రచికిత్సలు అంటారు. వీటిలో కొన్ని జీర్ణాశయం పరిమాణాన్ని తగ్గిస్తాయి. కొన్ని ఆహారం చిన్నపేగులో నడిచే దారిని మారుస్తాయి. మరికొన్ని ఈ రెండూ చేస్తాయి. ఆసుపత్రుల్లో బేరియాట్రిక్ సర్జరీ అన్న పేరు వాడుకలో ఉంది. మధుమేహాన్ని అదుపులోకి తేవడమే ముఖ్యోద్దేశమైనప్పుడు మెటబాలిక్ సర్జరీ అంటారు. చర్మం కింది కొవ్వును గొట్టంతో పీల్చి తీసే లైపోసక్షన్ ఈ కోవలోకి రాదు. అది ఒంటి ఆకృతిని సవరించే ప్రక్రియ మాత్రమే, దానివల్ల షుగరు, బీపీ వంటి జబ్బులు నయం కావు.

అందరికీ సరిపోయే ఒకే ఆపరేషన్ అంటూ ఏదీ లేదు. రోగికి అప్పటికే ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు, బరువు స్థాయి, జీవితాంతం పరీక్షలూ విటమిన్లూ కొనసాగించగల వీలు, ఇవన్నీ కలిసి పద్ధతిని నిర్ణయిస్తాయి. అందుకే ఆపరేషన్‌కు ముందు గడిపే వారాలు, నెలలు కూడా చికిత్సలో భాగమే.

శరీరం బరువును ఎందుకు వదలదు

కడుపు కట్టుకుని కొన్ని కిలోలు తగ్గినవారు ఏడాది రెండేళ్లలో తిరిగి పెరగడం సాధారణం. దీన్ని మనోబలం లేకపోవడంగా చూడడం అన్యాయం. బరువు తగ్గగానే శరీరం దాన్ని కరువుగా లెక్కగట్టి ఆకలి పెంచే హార్మోన్లను ఎక్కువగా, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లను తక్కువగా విడుదల చేస్తుంది. విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి కూడా తగ్గిపోతుంది. శస్త్రచికిత్స ఈ సంకేతాల మీదే పనిచేస్తుంది. జీర్ణాశయం పైభాగంలో ఎక్కువగా తయారయ్యే ఘ్రెలిన్ ఆకలిని రేపుతుంది. ఆ భాగాన్ని తీసేస్తే ఆకలి తగ్గుతుంది. ఆహారం చిన్నపేగు దిగువ భాగానికి త్వరగా చేరితే జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు ఎక్కువగా ఊరి కడుపు నిండిన తృప్తినిస్తాయి, ఇన్సులిన్ విడుదలకు తోడ్పడతాయి. ఆహారం దారి మార్చే బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న మధుమేహ రోగుల్లో బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే చక్కెర స్థాయి దిగిరావడానికి ఇదీ ఒక కారణం.

చరిత్ర

1954లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ వైద్యులు క్రెమెన్, లిన్నర్, నెల్సన్ చిన్నపేగులో ఎక్కువ భాగాన్ని పక్కకు తప్పించే ఆపరేషన్‌ను వివరించారు. బరువు బాగా తగ్గినా విరేచనాలు, పోషక లోపాలు, కాలేయ వైఫల్యం వంటి చిక్కుల వల్ల ఆ పద్ధతిని తర్వాత వదిలేశారు. 1966లో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో గ్యాస్ట్రిక్ బైపాస్‌కు శ్రీకారం చుట్టారు. 1970 దశకం చివర ఇటలీలో నికోలా స్కోపినారో పైత్య, క్లోమ రసాలను దారి మళ్లించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. 1994లో అలన్ విట్‌గ్రోవ్ బృందం గ్యాస్ట్రిక్ బైపాస్‌ను ల్యాపరోస్కోపీతో, అంటే పెద్ద కోత లేకుండా చిన్న రంధ్రాల గుండా చేసి చూపింది. ఆ మార్పుతో నొప్పి, గాయం చీము పట్టడం, ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి. 1997లో రాబర్ట్ రట్లెడ్జ్ మినీ బైపాస్‌ను మొదలుపెట్టాడు. జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా మార్చే, ఇప్పుడు ప్రపంచంలో అత్యధికంగా జరుగుతున్న స్లీవ్ ఆపరేషన్ తొలుత ఒక పెద్ద ఆపరేషన్‌లో మొదటి అంచె మాత్రమే. అతిబరువు ఉన్న రోగులకు ముందు ఆ భాగం చేసి, కొంత తగ్గాక మిగతాది చేసేవారు. చాలామందికి మొదటి అంచెతోనే బరువు బాగా తగ్గడంతో అది స్వతంత్ర పద్ధతిగా నిలబడింది.

దీర్ఘకాలిక ప్రయోజనానికి ముఖ్యమైన రుజువు స్వీడన్ నుంచి వచ్చింది. 1987లో మొదలైన స్వీడిష్ ఒబీస్ సబ్జెక్ట్స్ అధ్యయనం ఆపరేషన్ చేయించుకున్న దాదాపు 2 వేల మందిని, చేయించుకోని అంతే మందితో పోల్చింది. శస్త్రచికిత్స పొందినవారిలో మరణాలు తక్కువని 2007లో ప్రకటించింది.

ఎవరికి అవసరం

బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె బీఎంఐ. 165 సెంటీమీటర్ల ఎత్తు, 120 కిలోల బరువు ఉన్న వ్యక్తి బీఎంఐ 44. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 1991లో నిర్ణయించిన ప్రకారం బీఎంఐ 40 దాటినవారు, లేదా 35 దాటి తీవ్రమైన అనుబంధ జబ్బులున్నవారు అర్హులు. ఆ కొలత మూడు దశాబ్దాలు చెలామణి అయింది. 2022లో అమెరికా బేరియాట్రిక్ సర్జన్ల సంఘం, ఈ సర్జన్ల అంతర్జాతీయ సమాఖ్య కలిసి దాన్ని సవరించాయి. బీఎంఐ 35 దాటితే జబ్బులున్నా లేకున్నా శస్త్రచికిత్సను సూచించవచ్చన్నాయి. 30 నుంచి 35 మధ్య ఉండి జీవక్రియ జబ్బులున్నవారి విషయంలో పరిశీలించాలన్నాయి. ఆసియా ప్రజలకు 27.5 నుంచే ఈ చికిత్స అందుబాటులో ఉండాలని చెప్పాయి.

ఆసియావారికి వేరే గీత ఎందుకంటే, అదే బీఎంఐ దగ్గర మన ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ, కండ తక్కువ. ముఖ్యంగా పొట్టలో పేరుకునే కొవ్వు ఎక్కువ. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ పరిశోధకుడు జాన్ యుడ్కిన్ 2004లో తమ శరీరాలనే ఉదాహరణగా చూపారు. ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వయోజనుల్లో అటూ ఇటూగా మూడో వంతు మంది బీఎంఐ 25కు పైన ఉన్నారు. పొట్ట, షుగరు, కొవ్వు పట్టిన కాలేయం కలిసి కనిపించే మన ఇళ్లల్లో ఒక్క తూకం యంత్రాన్నే నమ్మకూడదు. నడుము చుట్టుకొలత కూడా చూడాలి.

గర్భవతులకు, మద్యానికీ మత్తుపదార్థాలకూ బానిసలైనవారికి, చికిత్స అందని తీవ్ర మానసిక రుగ్మత ఉన్నవారికి, మత్తును తట్టుకోలేనంత గుండె లేదా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఆపరేషన్ వాయిదా వేస్తారు, లేదా చేయరు. థైరాయిడ్ లోపం, కార్టిసాల్ అధికంగా ఉండే కుషింగ్ వ్యాధి, దీర్ఘకాలం స్టెరాయిడ్ల వాడకం వంటివి బరువుకు మూలమైతే ముందు వాటి సంగతి చూడాలి. అరవై అయిదు దాటినవారి విషయంలో వయసు అంకె కంటే గుండె, కండ, నడవగల శక్తి ప్రధానం.

ముందస్తు పరీక్షలు

ఈ చికిత్స ఒక్క సర్జన్ చేతిలో ఉండేది కాదు. ఫిజీషియన్ లేదా ఎండోక్రైనాలజిస్టు, పోషకాహార నిపుణులు, మానసిక నిపుణులు, మత్తు వైద్యులు కలిసి రోగిని చూడాలి. రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్, మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్టరాల్, కాలేయం, మూత్రపిండాలు, థైరాయిడ్‌తో పాటు ఐరన్, బీ12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం తప్పనిసరి. ఒంట్లో కొవ్వు ఎక్కువ ఉన్నంత మాత్రాన పోషకాలు చాలినంత ఉన్నట్టు కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం కంటే ఎక్కువమంది స్త్రీలు రక్తహీనతతో ఉన్నారని కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. శాకాహారుల్లో బీ12 లోపం తరచుగా కనబడుతుంది. లోపంతో ఆపరేషన్‌కు వెళితే ఆ తర్వాత అది మరింత ముదురుతుంది. కాబట్టి ముందే పూడ్చుకోవాలి.

పై జీర్ణనాళ ఎండోస్కోపీ పద్ధతి ఎంపికకు ఎంతో కీలకం. అన్నవాహిక పుండు పట్టిందా, జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారే హయాటల్ హెర్నియా ఉందా, జీర్ణాశయంలో అల్సరు లేదా గడ్డ ఉందా అన్నది దీనితో తెలుస్తుంది. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఉంటే మందులతో పూర్తిగా పోగొట్టాకే ముందుకెళ్లాలి. పొట్ట స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లు, కాలేయంలో కొవ్వు బయటపడతాయి.

పెద్దగా గురకపెట్టడం, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, పగలంతా తూగడం స్లీప్ ఆప్నియా లక్షణాలు. స్థూలకాయుల్లో ఇది చాలా సామాన్యం. అయినా ఎక్కువమందికి తమకు ఉందని తెలియదు. మత్తు మందు, నొప్పి మందుల ప్రభావంలో ఇది ప్రమాదకరం. నిద్ర పరీక్షలో నిర్ధారణ అయితే, గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రాన్ని ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే అలవాటు చేసుకోవాలి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోవాలి.

మానసిక నిపుణుల దగ్గరకు పంపుతున్నారంటే తమను అనుమానిస్తున్నారని కొందరు బాధపడతారు. దిగులు, ఒంటరితనం, కోపం వచ్చినప్పుడల్లా తినడం, ఒకేసారి అదుపు తప్పి తినడం వంటివి ఉన్నాయేమో చూసి ముందే సాయం అందించడం ఈ సంప్రదింపు ఉద్దేశం. ఆపరేషన్ చేతికి సాధనమిస్తుంది, దుఃఖాన్ని తీర్చదు. ఆశలు వాస్తవానికి దగ్గరగా ఉన్నవారే తర్వాతి మార్పులను నిబ్బరంగా ఎదుర్కొంటారు.

ఆహారం, అలవాట్లు, మందులు

స్థూలకాయుల కాలేయం కొవ్వుతో ఉబ్బి జీర్ణాశయం పైభాగాన్ని కప్పేస్తుంది. సర్జన్ పనిచేయాల్సింది సరిగ్గా అక్కడే. అందుకే ఆపరేషన్‌కు ముందు రెండు నుంచి నాలుగు వారాలు రోజుకు 800 నుంచి 1,000 కేలరీల, మాంసకృత్తులు ఎక్కువగా, పిండిపదార్థాలు తక్కువగా ఉండే ఆహారం ఇస్తారు. కాలేయం కుంచించుకుని మెత్తబడుతుంది, చోటు దొరుకుతుంది. పల్చని మజ్జిగ, పెసరకట్టు, గుడ్డు తెల్లసొన, పనీరు, ప్రొటీన్ పొడి, కూరగాయల సూపు ఇందులో ఉంటాయి. అన్నం, చపాతీ, పండ్లరసాలు తగ్గుతాయి. షుగరు మందులు, ఇన్సులిన్ వాడుతూ ఈ ఆహారానికి మారితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరు మోతాదు తగ్గించాకే మొదలుపెట్టాలి.

షుగరు రోగులు హెచ్‌బీఏ1సీని వీలైతే 7 శాతానికి దగ్గరగా తెచ్చుకోవడం మంచిది. దీర్ఘకాలిక సమస్యలున్నవారికి 8 వరకు సరిపెడతారు. పేర్ల చివర గ్లిఫ్లోజిన్ ఉండే మాత్రలను ఆపరేషన్‌కు కనీసం మూడు నాలుగు రోజుల ముందే ఆపాలి. అవి వాడుతూ పస్తుంటే చక్కెర మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకునే అపాయం ఉంది. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు వాడేవారు ఆ సంగతి మత్తు వైద్యులకు తప్పక చెప్పాలి. వాటివల్ల కడుపు ఖాళీ కావడం ఆలస్యమై, మత్తులో ఉన్నప్పుడు ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంటుంది. రక్తాన్ని పలచబరిచే మందులు, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, ఆయుర్వేద, హోమియో మందులు, జిమ్ పొడులు, ఏవీ దాచకూడదు.

పొగ తాగేవారు కనీసం ఆరు వారాల ముందే మానాలి. తిరిగి మొదలుపెట్టకూడదు. పొగాకు గాయం మానడాన్ని అడ్డుకుంటుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతుంది, బైపాస్ చేసిన కుట్టు దగ్గర అల్సరు తెస్తుంది. చుట్ట, ఖైనీ, గుట్కా కూడా ఈ లెక్కలోవే. రోజూ నడక, శ్వాస వ్యాయామాలు, ముద్దను మెత్తగా అయ్యేదాకా నమలడం, భోజనానికీ నీళ్లకూ మధ్య అరగంట ఎడం పాటించడం ముందు నుంచే సాధన చేస్తే ఆపరేషన్ తర్వాత కొత్తగా అనిపించవు.

ప్రధాన పద్ధతులు

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయం బయటి వంపు వెంబడి స్టేప్లర్‌తో కోసి దాదాపు 75 నుంచి 80 శాతం భాగాన్ని శాశ్వతంగా తొలగిస్తారు. సన్నని గొట్టంలాంటి భాగం మిగులుతుంది. పేగుల దారి మారదు, జీర్ణాశయం చివర ఉండే కవాటం పనిచేస్తూనే ఉంటుంది. ఆపరేషన్ సమయం తక్కువ, పోషక లోపాలు కొంత తక్కువ, తర్వాత ఎండోస్కోపీ సులువు. మొత్తం బరువులో సుమారు 25 శాతం తగ్గుతుందని ఆశించవచ్చు. వెనక్కి తిప్పడానికి వీల్లేకపోవడం, గుండెమంట కొత్తగా రావడం లేదా ముదరడం దీని లోపాలు. ఫిన్లాండ్‌లో జరిగిన స్లీవ్‌పాస్ అధ్యయనం పదేళ్ల ఫలితాల్లో అన్నవాహిక వాపు స్లీవ్ బృందంలో 31 శాతం మందికి, బైపాస్ బృందంలో 7 శాతం మందికి కనబడింది.

రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్. జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచిని వేరుచేసి, దానికి చిన్నపేగును కలుపుతారు. మిగిలిన జీర్ణాశయం, ఆంత్రమూలం ఒంట్లోనే ఉంటాయి కానీ ఆహారం వాటి గుండా పోదు. జీర్ణరసాలు కిందుగా మరో కలయిక దగ్గర ఆహారంతో చేరతాయి. మొత్తం బరువులో 30 శాతం దాకా తగ్గుతుంది. మధుమేహం, గుండెమంట రెండింటికీ ఇది గట్టి మందు. అయితే ఐరన్, బీ12, కాల్షియం శోషణ తగ్గుతుంది. తీపి తిన్నాక గుండెదడ, చెమట, విరేచనం వచ్చే డంపింగ్ సమస్య ఉండవచ్చు. నొప్పి మాత్రలు, పొగాకు వల్ల కుట్టు దగ్గర అల్సరు రావచ్చు. ఏళ్ల తర్వాత కూడా పేగు లోపలి సందుల్లో ఇరుక్కుని మెలిపడే అవకాశం ఉంది. మద్యం రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది. వదిలేసిన జీర్ణాశయ భాగాన్ని మామూలు ఎండోస్కోపీతో చూడలేరు.

మినీ బైపాస్. దీన్ని ఒకే కలయిక బైపాస్ అని కూడా అంటారు. పొడవాటి జీర్ణాశయ గొట్టాన్ని చేసి, చిన్నపేగులో సాధారణంగా 150 నుంచి 200 సెంటీమీటర్ల దిగువన ఒక్కచోటే కలుపుతారు. మన దేశంలో దీనికి ఆదరణ ఎక్కువ. ఫ్రాన్స్‌లో జరిగి 2019లో వెలువడిన యోమెగా పరిశోధనలో రెండేళ్ల తర్వాత బరువు తగ్గుదలలో ఇది రూ-ఎన్-వైకి తీసిపోలేదు, కానీ విరేచనాలు, పోషక సమస్యలు ఎక్కువగా కనబడ్డాయి. పైత్యరసం పైకి ఎగదన్నే అవకాశం కూడా ఉంది. తగినంత మాంసకృత్తులు తినని శాకాహారులకు పేగును మరీ పొడవుగా తప్పించకూడదు.

డ్యుయోడినల్ స్విచ్, సాడీ. స్లీవ్‌తో పాటు పేగులో పెద్ద భాగాన్ని తప్పించే పద్ధతులివి. బరువు, మధుమేహం విషయంలో అన్నింటికన్నా ఎక్కువ ఫలితమిస్తాయి, అన్నింటికన్నా ఎక్కువ పోషక లోపాలూ తెస్తాయి. ఎ, డి, ఇ, కె విటమిన్ల లోపం, జిడ్డు విరేచనాలు, మాంసకృత్తుల లేమి వెంటాడవచ్చు. బీఎంఐ 50 దాటినవారికి, మొదటి ఆపరేషన్ చాలనివారికి, క్రమం తప్పకుండా పరీక్షలకు వచ్చేవారికి మాత్రమే తగినవి.

బ్యాండ్, బెలూన్, ఎండోస్కోపీ కుట్లు. జీర్ణాశయం పైభాగం చుట్టూ బిగించే సిలికాన్ పట్టీ ఒకప్పుడు బాగా ప్రచారంలో ఉండేది. జారిపోవడం, లోపలికి కోసుకుపోవడం, బరువు తిరిగి రావడంతో దాని వాడకం బాగా తగ్గింది. ఎండోస్కోపీ ద్వారా పెట్టే బెలూన్‌ను చాలా రకాల్లో ఆరు నెలలకు తీసేయాలి, తీశాక బరువు తిరిగి రావడం మామూలే. కోత లేకుండా లోపలి నుంచే జీర్ణాశయాన్ని కుట్టి కుదించే పద్ధతిలో ప్రమాదం తక్కువ, స్లీవ్ ఆపరేషన్ కంటే ఫలితమూ తక్కువే.

మందులు. సెమాగ్లూటైడ్ 2.4 మిల్లీగ్రాముల మోతాదులో 68 వారాలకు సగటున 15 శాతం, టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదులో 72 వారాలకు సుమారు 21 శాతం బరువు తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది. ఇవి మానితే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగొస్తుంది. కొందరికి ఇవి ఆపరేషన్ అవసరం లేకుండా చేస్తాయి. కొందరికి ఆపరేషన్‌కు ముందో తర్వాతో తోడవుతాయి.

ఎంపికలో చూడాల్సినవి

ప్రకటనల్లో కనిపించే శాతాలను ముందు సరిగ్గా చదవాలి. పైన చెప్పిన 165 సెంటీమీటర్ల, 120 కిలోల వ్యక్తి ఉదాహరణే చూద్దాం. ఆ ఎత్తుకు బీఎంఐ 25 అంటే 68 కిలోలు. అంటే అధిక బరువు 52 కిలోలు. అతను 30 కిలోలు తగ్గితే మొత్తం బరువులో 25 శాతం తగ్గినట్టు, అధిక బరువులో 58 శాతం తగ్గినట్టు. ఒకే ఫలితాన్ని రెండు రకాలుగా చెప్పవచ్చు. ఏ శాతం చెబుతున్నారో, ఎన్నేళ్ల తర్వాతి లెక్కో అడగాలి. మొదటి ఏడాది అంకెలు ఎప్పుడూ అందంగానే ఉంటాయి. అయిదేళ్ల అంకెలే నిజం చెబుతాయి.

గుండెమంట తీవ్రంగా ఉన్నవారికి, ఎండోస్కోపీలో అన్నవాహిక లోపొర మారిన బారెట్ స్థితి కనబడినవారికి స్లీవ్ తగదు, రూ-ఎన్-వై మేలు. మధుమేహం ఉన్నవారిలో జబ్బు వయసు, ఇన్సులిన్ అవసరం, వాడే మందుల సంఖ్య, చక్కెర అదుపు ఫలితాన్ని నిర్దేశిస్తాయి. జబ్బు వచ్చి కొద్దికాలమే అయినవారిలో ఏ పద్ధతైనా బాగా పనిచేస్తుంది. మధ్యస్థ దశలో బైపాస్‌కు మొగ్గు ఎక్కువ. పదిహేను ఇరవై ఏళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నవారిలో క్లోమం శక్తి చాలావరకు ఉడిగిపోయి ఉంటుంది కనుక షుగరు పూర్తిగా పోతుందని మాటివ్వకూడదు. క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 150 మందితో జరిగిన స్టాంపీడ్ పరిశోధన అయిదేళ్ల ఫలితాల్లో హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకంటే తక్కువకు చేరినవారు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం. శస్త్రచికిత్స గొప్పతనమూ దాని హద్దూ రెండూ ఈ అంకెల్లోనే ఉన్నాయి.

కీళ్లవాతానికి రోజూ నొప్పి మాత్రలు వాడక తప్పనివారికి, పేగుల్లో క్రోన్స్ వ్యాధి ఉన్నవారికి, అవయవ మార్పిడి మందుల మీద ఉన్నవారికి స్లీవ్ వైపే మొగ్గు చూపుతారు. నెలసరి రక్తస్రావం ఎక్కువై తరచూ రక్తహీనతకు గురయ్యే స్త్రీలు బైపాస్‌కు ముందు ఆ సమస్యకు చికిత్స పొందాలి. జీర్ణాశయ క్యాన్సర్ కుటుంబ చరిత్ర ఉంటే, ఎండోస్కోపీకి అందని భాగాన్ని ఒంట్లో వదిలే పద్ధతుల గురించి మరొక్కసారి ఆలోచించాలి. పెద్దాసుపత్రికి చాలా దూరంలో ఉండి ఏటా పరీక్షలు చేయించుకోవడం కష్టమైనవారికి శోషణను ఎక్కువగా తగ్గించే పద్ధతులు శ్రేయస్కరం కావు.

సర్జన్‌ను సూటిగా అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఈ పద్ధతి నాకెందుకు, మరొకటి ఎందుకు కాదు? మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? లీకు, రక్తస్రావం ఎంతమందికి వచ్చాయి? అర్ధరాత్రి చిక్కు వస్తే ఎవరు చూస్తారు? అయిదేళ్ల తర్వాత మీ రోగుల్లో ఎందరు ఇంకా పరీక్షలకు వస్తున్నారు? ఎవరు వచ్చినా ఒకే ఆపరేషన్ చెప్పే చోట రెండో అభిప్రాయం తీసుకోవడం మంచిది.

ప్రమాదాలు

అమెరికాలో పలు కేంద్రాల్లో జరిగి 2009లో వెలువడిన ల్యాబ్స్ అధ్యయనంలో నెలరోజుల్లోపు మరణాల రేటు 0.3 శాతం. ముప్పు తక్కువే, కానీ ఉంది. కుట్టు దగ్గర లీకు, రక్తస్రావం, కాలి సిరల్లో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరడం తొలి వారాల్లో భయపడాల్సినవి. గడ్డ కట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్లు, కాళ్లకు ప్రత్యేక మేజోళ్లు, ఆపరేషన్ రోజే నడిపించడం వాడుక. ఇంటికొచ్చాక నాడి వేగం 120 దాటడం, జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, ఆయాసం కనబడితే దగ్గర్లోని క్లినిక్‌లో గ్యాస్ మందు తీసుకుని ఊరుకోకూడదు. వెంటనే ఆపరేషన్ చేసిన బృందాన్ని చేరాలి. రోజుల తరబడి వాంతులైతే థయమిన్ అనే బీ1 విటమిన్ లోపించి మెదడు, నరాలు దెబ్బతినవచ్చు. అలాంటి రోగికి గ్లూకోజు సెలైన్ కంటే ముందు థయమిన్ ఎక్కించాలి. ఈ సంగతి ఇంట్లోవాళ్లకూ తెలిసి ఉండాలి.

త్వరగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి కనుక చాలామందికి ఆరు నెలలు ఉర్సోడియాక్సికోలిక్ ఆమ్లం మాత్రలిస్తారు. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలడం సాధారణం, పోషణ సరిగా ఉంటే తిరిగి వస్తుంది. చర్మం వదులై వేలాడటం కొందరిని బాగా బాధిస్తుంది, దానికి వేరే ఆపరేషన్ అవసరం కావచ్చు.

తర్వాతి జీవితం

మొదటి రెండు వారాలు ద్రవాహారం, తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆపై పప్పన్నం, ఇడ్లీ, పెరుగన్నం వంటి మెత్తనివి, ఆరో వారం నుంచి మామూలు ఆహారం కొద్దికొద్దిగా. రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములే అని గుర్తుంటే ఈ లక్ష్యం ఎంత శ్రద్ధ కోరుతుందో అర్థమవుతుంది. విస్తరిలో ముందు పప్పు, గుడ్డు, చేప, పెరుగు తిని అన్నాన్ని చివరికి ఉంచాలి. నీళ్లు రోజంతా గుక్కెడు గుక్కెడుగా లీటరున్నరకు తగ్గకుండా తాగాలి. కార్తీక మాసపు ఉపవాసాలు, శనివారం ఒక్కపొద్దులు, రంజాన్ రోజాలు పాటించేవారు మొదటి ఏడాది వాటిని పక్కన పెట్టి, ఆ తర్వాత డాక్టరు మాటతోనే మొదలుపెట్టాలి. నీరు చాలకపోవడం ఈ రోగులను త్వరగా దెబ్బతీస్తుంది.

మల్టీవిటమిన్, బీ12, విటమిన్ డి, కాల్షియం సిట్రేట్ జీవితాంతం వాడాలి. ఐరన్ అవసరమైనవారు దాన్ని కాల్షియంతో కలిపి మింగకూడదు, రెండు గంటల ఎడం ఉండాలి. మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపై ఏటా రక్తపరీక్షలు తప్పవు. స్త్రీలు 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. పీసీఓఎస్ ఉన్నవారిలో బరువు తగ్గగానే సంతాన సామర్థ్యం ఊహించనంత త్వరగా తిరిగి వస్తుంది. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు నమ్మదగినవి కావు. రెండేళ్ల తర్వాత కొన్ని కిలోలు పెరగడం ప్రకృతి సహజం. దాన్ని ఓటమిగా భావించి సిగ్గుతో డాక్టరుకు ముఖం చాటేయడమే అసలు ప్రమాదం.

ఖర్చు, బీమా

భారత బీమా నియంత్రణ సంస్థ 2019లో జారీచేసిన ప్రామాణిక నిబంధనల ప్రకారం రోగి వయసు 18 నిండి ఉండాలి. డాక్టరు సలహా ఉండాలి. బీఎంఐ 40 దాటాలి, లేదా 35 దాటి తీవ్రమైన గుండె జబ్బు, తీవ్ర స్లీప్ ఆప్నియా, అదుపు తప్పిన మధుమేహం వంటివి ఉండాలి. ఇతర మార్గాలు విఫలమై ఉండాలి. ఇవన్నీ ఉన్న కేసును స్థూలకాయం పేరుతో బీమా నుంచి మినహాయించకూడదు. వైద్యశాస్త్రం ఆసియావారికి గీతను 27.5 దాకా దించినా బీమా గీత పాత చోటే ఉంది. ఈ అంతరం పూడాల్సిన అవసరం ఉంది. పాలసీలో వేచి ఉండాల్సిన కాలం ఎంతో ముందే చదువుకోవాలి. ఆపరేషన్ బిల్లుతో పాటు ఏటా అయ్యే విటమిన్ల, పరీక్షల ఖర్చునూ ఇంటి లెక్కలో వేసుకోవాలి.

స్థూలకాయం జబ్బు, దానికి చికిత్స కోరడం హక్కు. ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నవారు పద్ధతి పేరును చివర ఎంచుకోవాలి. ముందు ఎండోస్కోపీ, నిద్ర పరీక్ష, రక్తపరీక్షలు పూర్తి చేసుకుని, వాడే మందులన్నీ డాక్టరు ముందు పెట్టి, ఏటా పరీక్షలకు రాగలనని తమకు తాము నమ్మకం కుదుర్చుకోవాలి. ఆ తర్వాతే అంగీకార పత్రం మీద సంతకం చేయాలి.